పంచాంగంలో లేని పండుగలు

పండుగ అనగానే విద్యార్థులకు ముందుగా స్ఫురించేది సెలవు. కళాశాల ప్రకటన ఫలకంపై ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు తరగతులు ఉండవో చూచుకొని, సంచి సర్దుకొని, బస్సు ఎక్కడం మనకందరికీ అలవాటే. అయితే సెలవు వేరు, పండుగ వేరు. సెలవును ప్రభుత్వం గాని కళాశాల గాని ఇవ్వగలదు; పండుగను మాత్రం ఇంటివారే చేసుకోవాలి. సెలవు దొరికినా పండుగ జరగని ఇళ్లను మేము చూచాము. సెలవు లేకపోయినా పండుగ జరిగిన ఇంటిలో మేము పెరిగాము. ఆ అనుభవమే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి ప్రేరణ.

మా బాల్యం రామతీర్థంలో గడిచింది. విజయనగరానికి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న ఈ గ్రామం ఉత్తరాంధ్ర ప్రజలకు సుపరిచితమైన పుణ్యక్షేత్రం. శ్రీరామనవమికి, మహాశివరాత్రికి అక్కడ జనం కిటకిటలాడుతారు. ఇతర ప్రాంతాలవారు తిరునాళ్లు అనే దానిని మా వైపు 'తీర్థం' అంటారు. మా తండ్రిగారు ఆ తీర్థాలలో గాజుల దుకాణం పెట్టేవారు. శివరాత్రి నాడు ఊరంతా భక్తితో జాగరణ చేస్తే, మా ఇంటిల్లిపాదికీ గాజుల జతలు కట్టడంతోనే తెల్లవారేది. హిందూ సోదరీమణుల చేతులకు మా తండ్రిగారు గాజులు తొడుగుతూ, "చల్లగా ఉండు తల్లీ" అని దీవించడం మా కన్నులలో ఇప్పటికీ మెదలుతూ ఉంటుంది. పరుల పండుగ మాకు పని దినం. ఆ మాట చెప్పుకోవడానికి మాకు ఏనాడూ చిన్నతనం కలుగలేదు. వారి పండుగ బాగా జరిగితేనే మా పండుగకు కొత్తబట్టలు వచ్చేవి.

2000 సంవత్సరం సంగతి చెప్పాలి. చంద్రగతిని అనుసరించే హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినాలే ఉంటాయి గనుక, రంజాను పండుగ మన ఇంగ్లీషు నెలలలో ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది; దాదాపు 33 ఏండ్లలో ఋతువులన్నిటినీ చుట్టి వస్తుంది. ఆ ఏడు ఈదుల్ ఫిత్ర్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి వచ్చింది. జనవరిలో వచ్చిన పండుగ సంక్రాంతికి ఇంచుమించు వారం రోజుల ముందు పడింది. గాజుల వర్తకునికి ఏడాది మొత్తానికి అంతకు మించిన బేరాల రోజులు లేవు. మా తండ్రిగారు మలారం సైకిలుకు కట్టుకొని సంత వెంట సంత తిరుగుతూ ఉండిపోయారు. ఈద్ నాడు మమ్ములను మా మేనమామగారు విజయనగరం తీసుకువెళ్లి నమాజు చేయించారు. ఇంటికి వచ్చి చూస్తే షీర్ ఖుర్మా లేదు. సేమ్యా, ఖర్జూరం, నెయ్యి మా తల్లిగారు డబ్బాలో పెట్టి మూత బిగించారు. "మీ నాన్నగారు రావాలి" అన్నది ఒక్కటే మాట. మేము అలిగాము, ఏడ్చాము కూడా.

ముక్కనుమ నాటి రాత్రి తండ్రిగారు వచ్చారు. మరునాడు ఉదయం మా ఇంట్లో నేతిలో సేమ్యా వేగిన వాసన వీధి దాకా వచ్చింది. పొరుగింటి అవ్వ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, మీ పండగ ఎల్లిపోనాది గదేటి?" అని అడిగింది. మా తల్లిగారు గిన్నె చేతికి అందిస్తూ, "పండగ వెళ్లిపోయింది గాని, మా మనుషులు ఇప్పుడే వచ్చారవ్వా" అన్నారు. చదువురాని మా తల్లిగారు ఆనాడు చెప్పిన మాటకు మించిన నిర్వచనం మాకు తరువాత చదివిన ఏ గ్రంథంలోనూ దొరకలేదు. పంచాంగం తిథిని చెప్పగలదు, చంద్రదర్శనం నెలను చెప్పగలదు. ఇంటికి పండుగ ఎప్పుడు వచ్చినదీ చెప్పగలిగేది మాత్రం ఆ ఇంట కూడిన మనుషులే.

పెద్దయిన తరువాత రామతీర్థం కొండలు ఎక్కినప్పుడు ఈ మాట మళ్లీ జ్ఞాపకం వచ్చింది. ఆ గ్రామ పరిసరాలలోని గురుభక్తుల కొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూప, చైత్య, విహారాల శిథిలాలు ఉన్నాయి. సమీపంలోని కొండల మీద జైన విగ్రహాలు కూడా ఉన్నాయి. పదకొండవ శతాబ్దపు తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఒకటి అక్కడి జైన గురువును పేర్కొంటున్నది. ఆ విహారాలలో నివసించిన భిక్షువులు ఇల్లు, వాకిలి, ఆలుబిడ్డలను విడిచి వచ్చినవారు. అటువంటివారికి సైతం బౌద్ధ సంఘ నియమం ఒకటి ఉన్నది: ప్రతి పౌర్ణమికి, ప్రతి అమావాస్యకు అందరూ ఒకచోట కూడి ఉపోసథం జరుపుకోవాలి. వర్షాకాలంలో సంచారం మాని ఒకేచోట కలిసి ఉండాలి. సంసారం త్యజించినవారికే కూడిక అంత అవసరమైనప్పుడు, సంసారులమైన మనకు అది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

మన పెద్దలు పండుగలను ఏర్పరచిన తీరు గమనించినా ఇదే సత్యం కనిపిస్తుంది. రంజాను నాడు ఈద్ నమాజుకు ముందే ఫిత్రా దానం చెల్లించాలి; పేదవాని ఇంట పొయ్యి వెలిగిన తరువాతనే మన నమాజు. బక్రీదు మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి బీదలకు, ఒకటి బంధుమిత్రులకు, మిగిలినదే ఇంటికి ఉంచుకోవడం ఆచారం. సంక్రాంతికి హరిదాసు గిన్నెలో బియ్యం పోయకుండా, గంగిరెద్దుకు పాత వస్త్రమైనా కప్పకుండా ఏ గృహిణీ తృప్తి చెందదు. మా ఉత్తరాంధ్రలో దానిని పెద్ద పండుగ అంటారు; గతించిన పెద్దలకు సైతం కొత్త బట్టలు పెట్టి తలచుకొంటారు. అల్లుడు రావాలి, ఆడపడుచు రావాలి, పశువును కూడా కడిగి అలంకరించాలి. వంటలు సైతం ఒంటరిగా చేసుకోగలిగినవి కావు. అరిసెల పాకం సరిగా వచ్చిన క్షణాన ఒకరు పిండి పోస్తూ ఉంటే మరొకరు తెడ్డుతో కలుపుతూ ఉండాలి. ఒక్క మనిషి చేతుల మీద అయ్యే పని కాదది. కలిసి చేయక తప్పని వంటనే పండుగ వంటగా మన పూర్వులు ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం.

అయితే నేడు కూడలేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బ్రతుకుతెరువు కోసం హైదరాబాదుకు, చెన్నైకి, గల్ఫు దేశాలకు, పడమటి తీరపు చేపల రేవులకు వెళ్లేవారు మన ఉత్తరాంధ్రలో తక్కువ కాదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లిన మన ఆంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు చిక్కి చెరసాల పాలయ్యారు. వారిలో అత్యధికులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. 2019 సంక్రాంతి వారి ఇళ్లలో ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవలసినదే. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో విడుదలై, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు స్వస్థలాలు చేరుకొన్నారు. ఆ గుడిసెలలో ఆ యేటి పండుగ భోగి మంటతో మొదలయిందని మేము అనుకోము. ఆ మనుషులు గడపలో కాలు పెట్టినప్పుడే మొదలయి ఉంటుంది.

ఆ సంవత్సరమే మనందరికీ మరొక పాఠం నేర్పింది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ఏప్రిల్ 2న వచ్చిన శ్రీరామనవమికి దేవాలయాలలో భక్తులు లేరు. మే 25న ఈద్ నాడు ఈద్గాలు నిర్మానుష్యంగా ఉన్నాయి. ఆ ఉదయం మా ఇంట మా తండ్రిగారు ముందు నిలబడగా, మగవారమూ ఆడవారమూ వెనుక వరుసలలో నిలబడి నమాజు చేసుకొన్నాము. నమాజు ముగిసి వెనుదిరిగి చూచినప్పుడు, ఈద్ నాటి ప్రార్థనలో మా తల్లిగారి ముఖం మేము మొదటిసారి చూచాము. అంతకు పూర్వం ప్రతి ఈద్ ఉదయమూ ఆమె ఎక్కడ ఉండేవారు? పొయ్యి దగ్గర.

ఇక్కడే మనం ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. పండుగ నాడు ఇంటిలో అందరికీ పండుగ ఉండదు. వేకువన లేచి వండినవారు అందరూ తిన్న తరువాత తింటారు; అందరికీ కొత్తబట్టలు తొడిగినవారు సాయంత్రానికి గాని స్నానం చేయరు. కలిసి చేయడం కోసం ఏర్పడిన వంటలను ఒక్కరి నెత్తిన పెట్టి, మిగిలినవారం వడ్డన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాము. దూరదేశంలో ఉన్నవాడు రాలేకపోవడం విధి. పక్క గదిలో ఉన్నవాడు వంటింటి గడప దాటకపోవడం విధి కాదు, అలవాటు. ఆ అలవాటుకు ఈనాడు చేతిలోని ఫోను తోడయింది. పండుగ ఫోటో వందమందికి చేరుతున్నది, పండుగ మాట మాత్రం పక్కవారికి చేరడం లేదు.

పెద్ద పండుగల సంగతి ఇలా ఉంటే, ఇంటిలో జరిగే చిన్న శుభాల సంగతి ఇంకా ఆలోచించదగినది. మన తెలుగువారి ఇళ్లలో ఎంత ముచ్చటైన ఆచారం ఉన్నదో చూడండి. పసిబిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు పంచుతారు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. అక్షరాభ్యాసానికి పలకా బలపం పంచుతారు. ముస్లిం కుటుంబాలలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేసి అక్షరం దిద్దించడం, బిడ్డ తొలి రోజా ఉన్ననాడు ఇఫ్తారుకు పదిమందిని పిలిచి పూలమాల వేయడం పాత మర్యాదలు. మనిషి వేసే ప్రతి అడుగునూ ఇల్లు గమనిస్తున్నదని బిడ్డకు తెలియజేయడమే వీటి పరమార్థం. అయితే ఈ గమనిక బాల్యంతో ఆగిపోతున్నది. ఆడపిల్ల విషయంలో మరీ త్వరగా ఆగిపోతున్నది. తొలి అడుగుకు అరిసెలు పంచిన ఇల్లు, ఆ పిల్ల కళాశాల గడప దాటిననాడు ఎందుకు మౌనం వహిస్తున్నది?

ఈ ప్రశ్న ఇతరులను అడిగే ముందు మమ్ములను మేము అడుగుకోవాలి. 2011లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మాకు ఎం.ఏ. సీటు వచ్చినప్పుడు మా ఇంట బిరియానీ వండి బంధువులను పిలిచారు. అదే వేసవిలో మా చెల్లెలు ఇంటర్మీడియెటు మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలయింది. మా వంశంలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. ఎవరో బంధువు, "దాని సంబరం నికాహ్ నాడు చేద్దాంలే" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. ఆనాడు వచ్చినవారికి పళ్లాలు అందించినది ఆ చెల్లెలే. పెండ్లికి అప్పు తెచ్చి మరీ ఖర్చు చేసిన మా కుటుంబం, ఆ ఉత్తీర్ణతకు పావుకిలో మిఠాయి తేలేకపోయింది. ఆడపిల్ల పెండ్లిని బేరంగా మార్చిన దురాచారాన్ని ఎండగట్టిన గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శింపబడింది. ఆ నాటకాన్ని తరగతిలో పాఠం చెప్పే మేమే, పెండ్లి తప్ప ఆడపిల్ల జీవితంలో వేరు శుభం లేదన్నట్లు ప్రవర్తించాము.

రెండేండ్ల క్రితం మా చెల్లెలు మమ్ములను సకుటుంబంగా భోజనానికి పిలిచింది. ఏమి విశేషమని అడిగితే, వస్తే తెలుస్తుంది అన్నది. వెళ్లి చూస్తే, ఆరేండ్ల మా మేనకోడలు తెలుగు వాచకంలోని ఒక కథను ఎక్కడా ఆగకుండా మొదటిసారి చదివిందట. అదే విశేషం. ఆ పిల్ల మా అందరి ముందు నిలబడి కథ చదివింది. చివరి పుట వరకు మా తండ్రిగారు కదలకుండా విన్నారు. అటుపై మా చెల్లెలు షీర్ ఖుర్మా గిన్నెలు అందిస్తూ, "అన్నయ్యా, దీనికి నికాహ్ దాకా ఆగనక్కరలేదు కదా" అన్నది. ఆమె నవ్వుతూనే అన్నది. మాకు మాత్రం ముద్ద దిగలేదు.

దీనిపై రెండు ఆక్షేపణలు వస్తాయని మాకు తెలుసు. ఇవన్నీ దుబారా అనేది మొదటిది. దుబారాను మేమూ నిరసిస్తాము. నిలువెత్తు ఫ్లెక్సీలు, అద్దె మండపాలు, వడ్డీకి తెచ్చిన విందులు కుటుంబాలను కుంగదీస్తున్నాయి. కాని మేము కోరుతున్నది ఒక గిన్నె పాయసం, ఒక గంట కాలం, ఇంటివారి మనస్సు. ఏడాదికి ఇటువంటివి పది జరిగినా ఒక ఫ్లెక్సీ ఖర్చు కాదు. కొత్త వేడుకలు మన ఆచారాలు కావనేది రెండవ ఆక్షేపణ. ఏ వేడుక ధర్మసమ్మతమో నిర్ణయించేందుకు పండితులు ఉన్నారు. ఆ చర్చ మా పని కాదు. బిడ్డ శ్రమను గుర్తించి భగవంతునికి కృతజ్ఞత చెప్పుకొని, ఇరుగుపొరుగుకు ఇంత తీపి పంచడాన్ని ఏ ధర్మమూ కాదనదని మాత్రం మా నమ్మకం.

కళాశాల పాలక సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి చదివే మన సంస్థలో రంజాను, బక్రీదు, సంక్రాంతి, దసరాలలో దేని మరునాడైనా పరీక్ష పెట్టకుండా ఉండగలరేమో ఆలోచించాలి. మరునాడు పరీక్ష ఉన్న విద్యార్థి ఇంటికి వెళ్లడు. వెళ్లినా పుస్తకంతోనే కూర్చుంటాడు. ఇక వార్షికోత్సవంలో బహుమతి పొందే విద్యార్థినీ విద్యార్థుల తల్లులకు ప్రత్యేకంగా ఆహ్వానం పంపి, వారు వంటపని ముగించుకొని రాగల వేళకు సభ జరపాలి. తన కుమార్తె పేరు మైకులో వినడం ఆ తల్లికి ఎంతటి పండుగో, ఆ ముఖం చూచినవారికే తెలుస్తుంది. ఆ తల్లి ఇంటికి వెళ్లి చెప్పే మాటతో రెండవ కుమార్తె చదువు ఆగకుండా సాగవచ్చు.

ప్రియ విద్యార్థులారా! మీకు చెప్పవలసినది ఎక్కువ లేదు. పండుగ నాటి ఉదయం కాక ముందునాటి సాయంత్రమే ఇంటికి చేరండి. అప్పటికి ఇంకా పని మిగిలి ఉంటుంది. పాకంలో పిండి పోయడం, సేమ్యా వేయించడం మగపిల్లలకు తగని పనులు కావు. అందరూ కూర్చున్నాక, ఇంకా కూర్చోనివారు ఎవరో చూడండి. మీ ఫలితాలు వచ్చిననాడు ముందుగా ఇంటికే చెప్పండి. మీ చెల్లెలి ఫలితాలు వచ్చిననాడు మిఠాయి మీరే కొని తీసుకువెళ్లండి. మాకు ఆ అవకాశం ఒకసారి వచ్చి పోయింది. తండ్రి దుకాణపు అప్పు తీరిననాడు, తల్లి మొదటిసారి తన పేరు తాను సంతకం చేసిననాడు, అన్న దూరదేశం నుండి తిరిగి వచ్చిననాడు పంచాంగంలో ఏ విశేషమూ వ్రాసి ఉండదు. అది వ్రాసుకోవలసినది ఇంటివారే.

మా తల్లిగారు ఇప్పటికీ సేమ్యా, ఖర్జూరం ఒక డబ్బాలో ఏడాది పొడవునా దాచి ఉంచుతారు. ఎందుకని అడిగితే, ఎవరు ఎప్పుడు వస్తారో, ఏ మంచి మాట ఎప్పుడు వినవలసి వస్తుందో ఎవరికి తెలుసు అంటారు. ప్రతి ఇంట అటువంటి డబ్బా ఒకటి ఉండుగాక.